శబ్దం తీసేసిన సీరియల్

"మీ మనుషులు మాట్లాడటం లేదండీ, నోళ్ళు కదుపుతున్నారు," అన్నాడు కోదండపాణి విజయవాడ నుంచి.

తొంభై ఎనిమిది ఏప్రిల్. మద్రాసు సాలిగ్రామంలో మా సందు మొదట్లో ఉన్న ఎస్టీడీ బూతు అద్దాల పెట్టెలో నేను ఉడికిపోతున్నాను. కోదండపాణి వారపత్రిక ఎడిటర్. కొన్ని వారాల కిందటే నా థ్రిల్లర్ సీరియల్ మొదలుపెట్టాడు. లాడ్జిలో టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసే ఆశ అనే అమ్మాయి, లైను కలుపుతూ ఎవరో ఒక హత్య గురించి మాట్లాడటం వింటుంది. గొంతు తెలుసు, మనిషి తెలియదు. ఆ మనిషికి మాత్రం ఆమె విన్నదని తెలిసిపోతుంది. ఇదీ కథ.

"కథ దారం బాగుంది. నేనేమీ అనను. మాటలే... వినండి, మీ రెండో వారంలోది చదువుతాను. కడుపులో కత్తి దిగినవాడు అంటున్నాడు, 'నువ్వా... నన్నా... ఇలా పొడవాలని నీకెందుకు అనిపించింది, చెప్పు మరి.' కత్తి దిగినవాడు 'మరి' అంటాడా సాయిరామ్ గారూ?"

నేను రిసీవరు ఇంకో చెవికి మార్చుకున్నాను.

"డబ్బింగ్ సినిమా చూస్తున్నట్టుంది. ఉత్తరాలు రావడం లేదు. తిట్టడానికైనా రాయాలి గదా జనం. ఇంకో నాలుగు వారాలు చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే మీ ఆశను లారీ కింద తోసేసి సమాప్తం వేసేస్తాను. మీకా శ్రమ కూడా వద్దు, నేనే రాసుకుంటా."

అతను అన్నది నిజమే. ఆ నిజం వెనకాల నా ఉద్యోగం ఉంది. తమిళ సినిమాలకి తెలుగు మాటలు రాయడం నా పని. అందులో ముందు తెర మీద నోరు కదులుతుంది, దానికి సరిపడే మాట తర్వాత మనం వెతకాలి. అక్కడ పెదాలు కలిస్తే ఇక్కడా పెదాలు కలిసే మాట పడాలి. మన మాట అయిపోయినా వాడి నోరు ఆడుతూనే ఉంటే 'తెలుసా', 'చూడు మరి', 'అవును కదా' అంటూ గోతాం నింపినట్టు నింపాలి. చచ్చిపోయేవాడైనా సరే, పెదాలు కదిలినంతసేపూ మాట్లాడాల్సిందే. ఆ పనిలో నేను చురుకైనవాడినని వడపళని రికార్డింగ్ థియేటర్లలో పేరు. రీలు ఒక్కసారి తిరిగితే చాలు, రెండోసారికి మాట పెట్టేసేవాణ్ణి. పెట్టీ పెట్టీ చివరికి తెల్లకాగితం మీద కూడా ఏదో ఒక నోటిని ఊహించుకుని, అది ఆడినంత మేరా నింపేసే స్థితికి వచ్చాను.

థ్రిల్లర్లు రాయడానికి గుడివాడ నుంచి వచ్చినవాణ్ణి. మధ్యలో డబ్బింగ్ తగులుకుంది. ఇప్పుడు ఆ డబ్బింగూ ఊరు మారుతోంది. నాకు పని ఇచ్చే విజయకుమార్ జూన్ మొదట్లో హైదరాబాదుకి ఆఫీసు ఎత్తేస్తున్నాడు. "వస్తావా, ఇక్కడే సముద్రం గాలి పీలుస్తూ కూర్చుంటావా గురూ?" అని రోజూ అడుగుతున్నాడు. సీరియల్ నిలబడితే, దాని వెనకే ఇంకోటి దొరికితే, ఇక్కడే ఉండి రాసుకు బతకొచ్చు. పడిపోతే పెట్టే బేడా సర్దుకోవడమే.

మా ఆవిడ కస్తూరి మద్రాసు మనిషి. ఎన్ని తరాల కిందట వచ్చారో వాళ్ళకే తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. వాళ్ళ నాన్న వరదయ్య మాతోనే ఉంటాడు. ఎన్నూరు రోడ్డులో తగరం డబ్బాలు చేసే కంపెనీలో మిషను మీద పనిచేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఆయన నోరు మూతపడేది అన్నం తినేటప్పుడు మాత్రమే. నిద్ర లేచింది మొదలు ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. ఆయన్ని ఎవరైనా ఏదైనా అడగాలంటే మధ్యలో ఖాళీ దొరకదు. కింది వాటాలో ఉండే ఆరోగ్యమేరి ఆయనకి రేడియో తాత అని పేరు పెట్టింది.

ఆ సాయంత్రం ఫోన్ సంగతి కస్తూరికి చెప్పాను.

"హైదరాబాదుకి నాయన రాడు," అంది ఆమె.

"అడక్కుండానే చెప్తే ఎలా?"

"అడిగేదేమీ లేదు. ఆడికి బోతే ఆయన అయిపోతాడు." ఇంకా ఏదో చెప్పింది. నేను ఆశ గురించి ఆలోచిస్తున్నాను.

ఒక వారం కాగితాలు చించుకుంటూ గడిచింది. ఆశ నోరు తెరిస్తే చాలు, దానికి కొసన ఒక 'మరి' వేలాడేది. దాన్ని కోసేస్తే వాక్యం చేతిలో కుంటుపడేది. ఎండ మండిపోతోంది. పై వాటా కావడంతో కప్పు సెగ నేరుగా నెత్తిన దిగుతుంది. ఫ్యాను కింద, టీవీ ఉన్న హాల్లోనే రాసుకోవాలి.

మధ్యాహ్నం అదే హాల్లో మామగారి సీరియల్ వస్తుంది. లక్ష్మీప్రియ అని ఒక కోడలు, ఆమెను పీక్కుతినే ఒక అత్త, మధ్యలో నీళ్ళు నమిలే ఒక మొగుడు. ఒకనాడు ఆ ఏడుపు భరించలేక లేచి వెళ్ళి టీవీ మీట తిప్పి శబ్దం పూర్తిగా తీసేశాను. ఆయన కసురుకుంటాడని సిద్ధంగానే ఉన్నాను.

"శరి, రాసుకో అప్పా. శబ్దం ఎందుకు, కత తెలిసిందే గదా," అన్నాడు మామగారు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

నేను తలెత్తి చూశాను. తెర నిండా లక్ష్మీప్రియ మొహం. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. నా ప్రమేయం లేకుండానే చెయ్యి కాగితం మీదికి పోయింది. లక్ష్మీప్రియ అత్తతో ఏమంటోందో నాకు అక్కర్లేదు. ఆ నోట్లో ఆశను కూర్చోబెట్టాను. 'ఫోన్ నేనే ఎత్తుతాను. మీరు గది బయట ఉండండి.' సరిగ్గా సరిపోయింది. అత్త నోరు లాడ్జి యజమానికి ఇచ్చాను. మొగుడి నోరు పోలీసు ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చాను. అతను మింగిన ప్రతి గుటకా ఇన్‌స్పెక్టర్ దాచిన ఒక్కో నిజమైంది. సీరియల్ అయ్యేసరికి నాలుగు పేజీలు.

డబ్బింగ్‌లో నోరూ పరాయిదే, అర్థమూ పరాయిదే. ఇక్కడ అర్థం నాది. కాలికి కట్టిన తాడు విప్పినట్టుంది. పైగా ఈ నోళ్ళలో ప్రాణం ఉంది. ఎక్కడ తడబడాలో, ఎక్కడ మాట తుంచేయాలో అవే చెప్పేవి. 'మరి' పట్టడానికి చోటు ఉండేది కాదు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో మధ్యాహ్నం టీవీ మూగదైపోయింది.

అభ్యంతరం ఒక్క ఆరోగ్యమేరి నుంచే వచ్చింది. ఆమె రోజూ ఆ వేళకి కీరకట్ట, అంటే ఆకుకూర కట్ట, తీసుకుని ఆకులు తుంచడానికి పైకొచ్చేది. "ఎన్న సార్ ఇదు, ఊమై పడమా?" అంది, మూకీ సినిమానా అని. పోనీ పాపమని నేను రాసింది రాసినట్టు తమిళంలోకి మార్చి పైకి చదివాను. లక్ష్మీప్రియ అత్తగారితో "హంతకుడు ఈ లాడ్జిలోనే ఉన్నాడు" అనేసరికి ఆమె కీరకట్ట ఎత్తుకుని లేచిపోయింది. రెండు రోజుల తర్వాత మెట్ల మీద పట్టుకుంది.

"సార్, తాతయ్య మీ ఇంట్లో శబ్దం లేకుండానే గదా చూస్తున్నాడు?" అని తమిళంలో అడిగింది.

"అవును."

"నేను చూడలేకపోయానని మొన్నటి కథ అడిగితే పూస గుచ్చినట్టు చెప్పాడు. ఎవరు ఎవర్ని ఏం తిట్టారో అన్నీ. మా చెల్లెలు వాళ్ళ ఇంట్లో చూసింది, అదే కథ."

"టీ కొట్లో విని ఉంటాడు," అన్నాను. నాకు తొందరగా ఉంది. ఆశను ఆ వారం లిఫ్టులో ఇరికించాలి.

కోదండపాణి పెట్టిన గడువు దాటింది, లారీ రాలేదు. ఈసారి బూతులో అతని గొంతు వేరేగా ఉంది. "ఏం చేశారండీ? ఎవరైనా రాసిపెడుతున్నారా? ఆ పిల్ల మాట్లాడుతుంటే పక్కన కూర్చున్నట్టుంది. ఏలూరు నుంచి ఒకాయన, ఆశకేమైనా అయితే చందా మానేస్తానని రాశాడు. లాగండి, తొందర లేదు. ఇది బాగా ముగిస్తే దీపావళికి ఇంకోటి మీదే."

ఆ ఉత్సాహంలో మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాను. వంటింటి గుమ్మంలో కస్తూరి ఏదో చెబుతోంది. టి. నగర్ వెళ్ళొచ్చినట్టుంది, చీర కూడా మార్చలేదు. నేను ఆమె మొహమే చూస్తున్నాను. పై పెదవి కొంచెం వణికి ఆగింది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఆశ ఇలాగే ఆగాలి అనిపించింది.

"ఏమంటారు?" అంది కస్తూరి.

"ఊఁ, చూద్దాం," అన్నాను.

మే నడిమధ్యలో దెబ్బ తగిలింది. సీరియల్ మొదలైంది, పాట అయింది, తెర మీద లక్ష్మీప్రియ ఫోటో వచ్చింది. పక్కనే ఇంకో అమ్మాయి ఫోటో. మధ్యలో తమిళ అక్షరాలు: 'ఇవరుక్కు పదిలాగ ఇవర్.' ఈమెకు బదులు ఇక నుంచి ఈమె. అరవ సీరియళ్ళలో అది మామూలే. నటి మానేస్తే కథలో చంపరు, ఇంకో మొహం తగిలించేస్తారు. మర్నాటికి చూసేవాళ్ళు అలవాటు పడిపోతారు.

నేను అలవాటు పడలేకపోయాను. కొత్త అమ్మాయి నోరు తెరవదు. పళ్ళు బిగించి, పెదాల చివర నుంచి మాట జార్చేస్తుంది. ఎంతసేపు చూసినా ఆ నోట్లో ఆశ కూర్చోదు. ఆశ గొంతు పోయింది.

"ఈ పాప వచ్చినాక కత బాగలేదప్పా," అన్నాడు మామగారు. లేచి వెళ్ళి గదిలో పడుకున్నాడు. అప్పటిదాకా ఆయన ఆ సీరియల్ ఒక్కనాడు మానింది లేదు.

తర్వాతి రోజులు పిచ్చెక్కినట్టు తిరిగాను. వార్తలు చదివేవాళ్ళ నోళ్ళు చూశాను. వాళ్ళ మొహాల్లో దాచుకున్నది ఏదీ కనపడదు. పాండీబజారులో చీరల కొట్టు అద్దాల బయట నిలబడి లోపల బేరమాడే ఆడవాళ్ళని చూశాను. కాపలావాడు వచ్చి "ఎవరు కావాలి సార్" అన్నాడు. బస్సు కిటికీల్లో చూశాను, అందరూ నిద్రపోతున్నారు. కోదండపాణి దగ్గర నావి రెండు వారాల భాగాలే మిగిలాయి. ఆ తర్వాత ఖాళీ. ముగింపు అసలు లేదు. హంతకుడు ఎవరో నాకు తెలుసు, లాడ్జి గుమాస్తా. బుగ్గన ఎప్పుడూ తాంబూలం పెట్టుకుని, ఏది అడిగినా సైగ చేసి ఊరుకునే ముసలాయన. కానీ అక్కడిదాకా ఆశను నడిపించే మాటలు లేవు.

విజయకుమార్ థియేటర్లో మిషన్లు విప్పించి పెట్టెల్లో పెట్టిస్తున్నాడు. నన్ను చూసి, "లారీ మాట్లాడా గురూ. నీ సామాన్లు కూడా అందులోనే పడేయ్. అమీర్‌పేటలో ఇల్లు కూడా చూశా. ఊఁ అను," అన్నాడు.

ఊఁ అన్నాను.

ఆ మాట కస్తూరికి ఎలా చెప్పాలా అనుకుంటూ ఇంటికొచ్చేసరికి మామగారు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మోచెయ్యి చెక్కుకుపోయి ఉంది. ఆరోగ్యమేరి తడిగుడ్డతో తుడుస్తోంది.

"కుక్క అడ్డమొచ్చినాది," అన్నాడాయన. ఆ కుక్క రంగు, వయసు, అది ఎవరి ఇంటిదో కూడా చెప్పాడు. చెబుతూ చెబుతూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆరోగ్యమేరి నన్ను పక్కకి పిలిచింది. "కుక్కా లేదు, ఏమీ లేదు సార్. ఆర్కాడు రోడ్డులో బస్సు వెనక నుంచి హారన్ కొడుతూనే ఉంది. తాతయ్య తిరగనే లేదు. నేను చెయ్యి పట్టి లాగాను, కింద పడ్డాడు."

పైకి వెళ్ళాను. కస్తూరి బీన్సుకాయలు తరుగుతోంది.

"మీ నాన్నకి వినపడటం లేదా?"

ఆమె తల ఎత్తలేదు. "మూడు తూర్లు చెప్పినాను మీకు."

"ఎప్పుడు?"

"టి. నగర్‌లో చెవుల డాక్టరు కాడికి పోయొచ్చిన దినం చెప్పినాను. నరం సచ్చిపోయినాది, మిషను పెట్టినా లాభం లేదన్నాడని. 'ఊఁ, చూద్దాం' అన్నారు. దానికి ముందు తూరి హైదరాబాదు మాట వచ్చినప్పుడు చెప్పినాను. అంతకు ముందు కూడా."

"నాకు గుర్తు లేదు కస్తూరీ."

"ఎట్లా ఉంటాది? మీరు నా నోరు జూస్తారు. జూస్తా జూస్తా దాంట్లో మీ మాట ఒకటి పెట్టేసుకుంటారు. పెండ్లైనప్పటి నుంచీ జూస్తానే ఉండాను." కోపంగా అనలేదు. బీన్సు నార తీస్తూ, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. "నాయన కూడా నోరే జూస్తాడు. కానీ ఆయన దాంట్లోంచి మాట తీసుకుంటాడు. సీరియల్లో మొగాలు పెద్దగా చూపిస్తారని గదా ఆయనకి అంత ఇష్టం. ఈ వీధిలో అందరి నోళ్ళూ ఆయనకి తెలుసు. పాలాయనది, పోస్టుమ్యాన్‌ది, ఆరోగ్యమేరిది. హైదరాబాదు నోళ్ళు యాడ తెలుసు? ఆడికి బోతే నిజంగా చెవిటోడైపోతాడు. అదే చెప్పినాను మీకు."

వారం వారం పాఠకులకి ఆధారాలు విసిరి, ఎవరు ముందు పట్టుకుంటారా అని చూడటం నా వృత్తి. శబ్దం తీసేసినా కసరని మనిషి, శబ్దం లేకుండా కథ చెప్పగలిగిన మనిషి, ఎవరూ తనని ఏదీ అడగకుండా తనే ఆగకుండా మాట్లాడే మనిషి, నోరు తెరవని అమ్మాయి రాగానే లేచిపోయిన మనిషి. అన్నీ మా హాల్లోనే, నా కుర్చీ పక్కనే. నేను ఆశను లిఫ్టులో ఇరికించే పనిలో ఉన్నాను.

మామగారు మాడి మీద, డాబా పైన నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి మామయ్యా?"

"ఏంది?"

మళ్ళీ, ఒక్కో మాటా విడదీసి అడిగాను. ఆయన నా మొహంలోకి వంగి చూశాడు, నవ్వాడు.

"పాప చెప్పేసినాదా. డబ్బాల కంపెనీలో మిషను కాడ ఎవురి మాట ఎవురికి వినపడతాది? ఆడ అందురమూ నోరు జూసే మాట్లాడుకునేది. కొన్నాళ్ళు బోయినాక మిషను ఆగినా అట్లే ఉండిపోయినాది."

"మాకు చెప్పొచ్చు గదా."

"చెప్తే ఏమౌతాది? అందురూ గట్టిగా అరుస్తారు. అరిస్తే నోరు వంకరపోతాది. ఇప్పుడు తెలిసేది గూడా తెలియకుండా పోతాది."

నాకు నవ్వొచ్చింది. ఆయన ఆ నవ్వు కూడా జాగ్రత్తగా చూశాడు.

"ఒకటి చెప్తా, ఏమీ అనుకోవద్దు మాప్పిళ్ళె. అందురి నోళ్ళూ నాకు వచ్చు. నీది మాత్రం రాదు. మీసం ఒకటి పెదవి మింద కప్పుకోని ఉండాది. దానికి దోడు మీ కోస్తా మాట, రైలు బోయినట్టు పోతాది. ఇంట్లో ఇన్నేండ్లుగా నువ్వు మాట్లాడేది నాకు సగం గూడా తెలిసింది లేదు."

"మరి అన్నిటికీ 'ఊఁ' అనేవారు?"

"నువ్వు మా పాపకి అనవా?"

మర్నాడు పొద్దున మీసం తీసేశాను. కాఫీ తెచ్చిన కస్తూరి గుమ్మంలో ఆగి, "ఎవురండీ మీరు, మా ఆయన లేడు ఇంట్లో," అంది. చాలా రోజుల తర్వాత అలా మాట్లాడింది. అద్దంలో నా పై పెదవి పాలిపోయి, ఎవరిదో అప్పు తెచ్చుకున్నట్టు ఉంది.

మధ్యాహ్నం టీవీ పెట్టలేదు. కాగితాలు తీసి మామగారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "ఒక కథ చెప్తాను, వింటారా," అన్నాను. ఆ మాటకి ఆయనే నవ్వాడు.

ఆశ గురించి మొదలుపెట్టాను. తెర లేదు, కదిలే నోరు లేదు. ఉన్న నోరు నాది ఒక్కటే, దాన్ని నేను చూడలేను. ముందు మాట రావాలి, తర్వాతే పెదవి కదలాలి. చాలా ఏళ్ళ తర్వాత ఆ వరసలో పనిచేయడం అదే. 

"ఆ రోజు ఆమె లాడ్జికి వెళ్ళింది, వెళ్ళి చూస్తే, తెలుసా, అక్కడ ఎవరూ లేరు మరి," అన్నాను. ఆయన కళ్ళు చికిలించాడు, మెడ ముందుకి చాచాడు, కణతలు బిగిశాయి.

"మళ్ళా చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"ఆమె పొయినాది. ఎవురూ లేరు. అంతేనా? మధ్యలో ఏందో అంటివే?"

"అదేం లేదు. ఊరికే."

"ఊరికే ఎందుకప్పా అంటావు? నేను దానికోసరం ఎంత కష్టపడి చూస్తిని."

నేను నింపే గోతాలన్నీ ఎవరో ఒకరు మోయాలన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు. సినిమా హాల్లో వెయ్యిమంది మోస్తే బరువు తెలియదు. ఇక్కడ ఒక్క మనిషి కణతల మీద పడుతోంది. తర్వాతి వాక్యాన్ని నోట్లోనే తూచి, ఉండాల్సినంతే బయటికి వదిలాను. ఆయన మెడ వెనక్కి వాలింది. హాయిగా చూస్తున్నాడు.

రోజూ మధ్యాహ్నం అలా చెప్పడం, అయ్యాక వెంటనే కూర్చుని చెప్పింది చెప్పినట్టు రాయడం. మధ్యలో ఆయన ఊరుకునేవాడు కాదు. "ఆ తాంబూలం ఆయన ఎందుకు ఎప్పుడూ నోరు తెరవడు? నాకు ఆయన మింద అనుమానంగా ఉండాది."

"అనుమానాలు పెట్టుకోవద్దు. చెప్పనివ్వండి."

"పెట్టుకుంటా. నాకు తెలియకుండా నోరు మూసుకునే వాళ్ళంటే నాకు పడదు."

ఆరోగ్యమేరి మళ్ళీ కీరకట్టతో పైకి రావడం మొదలుపెట్టింది. తెలుగు అర్థం కాకపోయినా, నా మొహం చూస్తే సీరియల్ కన్నా బాగుందట. కస్తూరి వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడేది. ఒక్కోసారి ఆమె ఏదైనా అంటే నేను కళ్ళు కిందికి దించుకుని వినేవాణ్ణి. నోరు చూడకుండా వింటే ఆమె గొంతు కొంచెం బొంగురుగా ఉంటుంది. ఎప్పటి నుంచి అలా ఉందో అడగలేదు.

జూన్ వచ్చింది. బూతుకెళ్ళి విజయకుమార్‌కి ఫోన్ చేశాను.

"లారీ రేపు పొద్దున్నే గురూ. సామాన్లు సర్దావా?"

"నేను రావడం లేదు."

"సీరియల్ గట్టెక్కిందా?"

"ఇంకా లేదు."

"మరి?"

"ఏమో. రావడం లేదు," అని పెట్టేశాను. బయటికొచ్చాక కూడా కాళ్ళు ఒకచోట నిలవలేదు. వడపళని గుడి దాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చాను. ముగింపు బాగుంటే దీపావళికి ఇంకో సీరియల్. బాగోకపోతే వెనక్కి పోవడానికి లారీ కూడా ఉండదు.

ముగింపు నాకు సిద్ధంగానే ఉంది. ఇలాంటి కథకి ముగింపు ఎలా ఉండాలో నాకు తెలుసు, నా పాఠకులకీ తెలుసు. హంతకుడు దొరికిపోయి, ఎందుకు చేశాడో, ఎలా చేశాడో అన్నీ విప్పి చెప్పాలి. గుమాస్తా చేత అవన్నీ చెప్పించాను. చిన్నప్పటి అవమానం, యజమాని చేసిన ద్రోహం, తాంబూలం వెనక గొంతు దాచుకున్న తెలివి. పేజీలకి పేజీలు. అప్పటిదాకా రాసినదాంట్లో బాగా వచ్చింది అదేననిపించింది. ఆ రోజే పోస్టులో పడాలి.

మామగారి ఎదురుగా కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. చీకటి పడిన లాడ్జి ఆఫీసు, బల్ల వెనక గుమాస్తా, గుమ్మంలో ఆశ. ఆయన ముందుకి వంగాడు. గుమాస్తా తాంబూలం ఉమ్మేశాడు. నోరు తెరిచాడు. తన కథ ఎత్తుకున్నాడు.

మామగారు కళ్ళు మూసుకున్నాడు.

కొంచెం ఆగి మోకాలి మీద తట్టాను. కళ్ళు తెరిచాడు.

"నిద్ర వచ్చిందా మామయ్యా?"

"లేదప్పా. వాడు శానా వాగతా ఉండాడు. దొరికినోడు అంత మాట్లాడతాడా?"

"అన్నీ చెప్పకపోతే చదివేవాళ్ళు ఊరుకోరు. పత్రిక్కి ఉత్తరాలు రాస్తారు. ఇది ఇలాగే ఉండాలి. కొంచెం ఓపిక పట్టండి, ఇప్పుడు అసలు సంగతి వస్తుంది. అతని చిన్నప్పుడు..."

మళ్ళీ మూసుకున్నాడు. ఇంకెవరైనా అయితే వాదించేవాణ్ణి. కోదండపాణితో ఫోన్‌లో ఎన్నోసార్లు వాదించాను. మూసుకున్న ఆ కళ్ళతో ఏం వాదించను? నా మాట ఆయన దాకా పోయే దారి అదొక్కటే. ఎంత గట్టిగా అరిచినా లోపలికి పోదు. ఆయన నిద్రపోవడం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేను ఎప్పుడు అవతలి ఒడ్డుకి వస్తానా అన్నట్టు నిదానంగా కూర్చున్నాడు.

కస్తూరి గుమ్మంలో నిలబడి చూస్తోంది. 

కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, గుమాస్తా నోట్లోంచి మాటలు ఒక్కొక్కటిగా తీసేయడం మొదలుపెట్టాను. యజమాని ద్రోహం తీసేశాను. చిన్నప్పటి అవమానం తీసేశాను. అది తీసేటప్పుడు కొంచెం నొప్పిగా అనిపించింది. తన తెలివి గురించి తను చెప్పుకున్నది తీసేశాను. పేజీలు పోతున్నకొద్దీ ఆ ఆఫీసు గదిలో వాళ్ళిద్దరే మిగిలారు. ఆశకి ఆ మనిషి మీద అనుమానం కూడా లేదు. భయపడి, అలిసిపోయి వచ్చింది. ఆమె ముందు అతను ఏనాడూ నోరు తెరవలేదు. ఇవాళ తాంబూలం అయిపోయింది. ఒక ఆడపిల్ల అలా గుమ్మంలో నిలబడి వణుకుతుంటే ఏ ముసలాయనైనా అనే మాటే అతనూ అంటాడు. ఒక్క మాట.

మామగారి మోకాలి మీద చెయ్యి వేశాను. ఆయన కళ్ళు తెరిచి నా పెదాల వంక చూశాడు.

"గుమాస్తా తాంబూలం ఉమ్మేశాడు," అన్నాను. "కుర్చీ చూపించాడు. 'కూర్చో అమ్మా' అన్నాడు."

ఆయన కళ్ళు మూసుకోలేదు. పెద్దవయ్యాయి. చెయ్యి ఎత్తి తన చెవి మీద పెట్టుకున్నాడు, లైను కలుపుతూ ఆశ ఫోను పెట్టుకున్నట్టు.

"ఆ గొంతే," అన్నాడు మెల్లిగా.

"ఆ గొంతే."

"తరవాత?"

"తరవాత ఏమీ లేదు మామయ్యా. అయిపోయింది."

ఆయన తల ఊపాడు. అయినా లేవలేదు. నా నోటి వంకే చూస్తూ కూర్చున్నాడు.